ఎర్రపుల్ల దిగని వేసవి

కింది అంతస్తు టైలరు ఒక తెల్ల చొక్కాను రెండు చేతుల మీదా పసిపిల్లను మోసుకొచ్చినట్టు పట్టుకుని మెట్లెక్కి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చొక్కా భుజం మీద మట్టినీళ్ల చార ఒకటి జేబు దాకా దిగి ఉంది.

"చూడన్నా ఇది. ఉతికి ఇస్త్రీ చేసి తీగ మీద వేశాను. మీ బాల్కనీలోంచి బురద. పోయినసారి జాకెట్టు గుడ్డ మీద పడితే నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఈ చొక్కాగలాయన వచ్చి నా మొహాన కొడతాడు."

నేను నోరు తెరిచేలోపు లోపల్నుంచి అత్తయ్య వచ్చింది.

"మా మొక్కలకి పొద్దున్నే ఒక్కసారి పోస్తాను నీళ్లు. అదీ చూసుకుని, మగ్గుతో. మీ పైకప్పు కారుతోందేమో, ముందు అది చూపించుకోండి."

"పైకప్పుకి ఆకులు మొలవవు కదమ్మా," అన్నాడు టైలరు, కాలరు కింద అతుక్కుపోయిన పండుటాకు తీసి చూపిస్తూ.

చొక్కా మేమే మళ్లీ ఉతికించి ఇస్తామని చెప్పి అతన్ని పంపించాను. తలుపు వేయగానే అత్తయ్య అంది, "మనమంటే పడదు అతనికి. ఎక్కడి బురదో తెచ్చి మనకి అంటిస్తున్నాడు."

నిజం చెప్పాలంటే మా ఇంట్లో అనుమానానికి లోటు లేదు. అత్తయ్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. మాత్ర మింగేశానన్న రోగి చేత నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి చూస్తే గానీ మంచం దగ్గర్నుంచి కదలని మనిషి. మా ఆవిడ మందుల షాపులో పని చేస్తుంది. చీటీ మీద సంతకం డాక్టరుదో, చీటీ తెచ్చినవాడిదో చూపుతోనే చెప్పేస్తుంది. ఇక నేను లిఫ్టు మెకానిక్కుని. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతే అందులో ఉన్నవాళ్లని అడిగితే ఎవరూ ఏమీ నొక్కి ఉండరు. తలుపు ఎవరూ తన్ని ఉండరు. ఎక్కాల్సినంతమందే ఎక్కి ఉంటారు. మా పనిలో మొదట నేర్చుకునేది మనుషులు చెప్పింది విని పక్కన పెట్టి, మీటరు చెప్పింది నమ్మడం.

మామయ్య పోయాక అత్తయ్యను ఒంటరిగా ఉంచలేక మేమే ఆవిడ ఇంటికి చేరాం. ఇల్లు చిన్నదే. ముందు గదిలో, కిటికీ గూళ్లలో, బాల్కనీలో ఎటు తిరిగినా కుండీలే. నా పనిముట్లు మంచం కింద ఉండేవి. వచ్చిన కొత్తలో ఒకసారి, ఈ బాల్కనీకి తలుపు పెట్టిస్తే నాకు చక్కటి పనిగది అవుతుందని నోరు జారాను. ఆ మాటను అత్తయ్య ఎన్నడూ మర్చిపోలేదు.

టైలరు వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు తాళ్లు మార్చడానికి వెళ్లాను. కింది హాలులో మనిషెత్తు రబ్బరు మొక్క. ఆకులు పాలిష్ పట్టినట్టున్నాయి. కుండీలో చూస్తే మట్టి లేదు. ఇటుక రంగులో, ఉసిరికాయంత ఉండలు. మొక్కలు చూసుకునే ఒకావిడ గుడ్డతో ఆకులు తుడుస్తోంది.

"రాళ్లలో మొక్కలెలా బతుకుతున్నాయమ్మా?"

"రాళ్లు కావు బాబూ, కాల్చిన మట్టి ఉండలు. నీళ్లు పీల్చుకుని వేళ్లకి కొంచెం కొంచెంగా ఇస్తాయి. లోపలి కుండీకి చిల్లులుంటాయి, బయటి కుండీకి ఉండవు. నీళ్లు అడుగునే నిలబడతాయి."

"బయటికి కారవా?"

"చిల్లు లేనిదే ఎలా కారతాయి?"

కుండీ అంచున నిలబెట్టిన సన్నటి గొట్టం చూపించింది. అందులో ఎర్రపుల్ల ఒకటి తేలుతోంది. పక్కన రెండు గీతలు. "నీళ్లు పోస్తే పుల్ల లేస్తుంది. మొక్క తాగేకొద్దీ దిగుతుంది. అది కింది గీత దాకా దిగి, పైన ఇంకో రోజో రెండు రోజులో ఆగాక గానీ మళ్లీ నీళ్లు ముట్టుకోకూడదు. వేళ్లకి గాలి ఆడాలి. జనం మొక్కల్ని ఎండగట్టి చంపడం తక్కువ, నీళ్లు పోసి చంపడమే ఎక్కువ."

కారని కుండీ, మీటరున్న కుండీ. నా కోసమే ఎవరో తయారుచేసినట్టు అనిపించింది.

ఆవిడ చెప్పిన చోట గొట్టాలు, చిల్లుల్లేని కుండీలు బేరం చేసి, ముందుగా ఉండల బస్తా భుజాన వేసుకుని ఇంటికొస్తే అత్తయ్య దాని మూతి విప్పించి లోపలికి చూసింది.

"ఏంటివి?"

"మొక్కలకి అత్తయ్యా. ఇకనుంచి మట్టి అక్కర్లేదు. ఈ గోళీల్లో పెంచుదాం."

"గోళీలా? ఏం, వాటికి జ్వరమా?" అని, కూతురి వైపు తిరిగి, "మీ షాపులోవేనా ఇవి? పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటా?" అంది.

మా ఆవిడ నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. బస్తాను, నన్ను, బాల్కనీని వరసగా చూసింది.

అయినా ఒప్పుకుంది. టైలరు మళ్లీ గుమ్మంలోకి రాకూడదన్న పట్టుదల ఆవిడకీ ఉంది. నాకు సెలవు ఉన్న రోజు చూసుకుని మొదలుపెట్టాం. గోళీలను తొట్టిలో పోసి కడిగితే ఎర్రటి నీళ్లు, ఎన్నిసార్లు వంపినా ఎర్రటి నీళ్లే. నీళ్లు తేటపడ్డాక గోళీలను నానబెట్టాం. తర్వాత ఒక్కో మొక్కా కుండీలోంచి ఊడబెరికి, మట్టి దులిపి, పంపు కింద వేళ్లు కడగడం. ఆ పని అత్తయ్య నా చేతికివ్వలేదు. పీట వేసుకుని కూర్చుని, కొంగు బిగించి, "కత్తెర," అంది. ఇచ్చాను. "గుడ్డ." ఇచ్చాను. కుళ్లిన వేళ్లు కత్తిరించి, మంచివాటిని వేళ్ల మధ్యనుంచి ఒక్కొక్కటే జారుస్తూ కడిగింది. వేళ్ల సందున ఒక్క మట్టి రేణువు మిగలనివ్వలేదు. ఆ రోజు మేమిద్దరం ఒకరికొకరం బాగా నచ్చాం.

"ఇది మాత్రం జాగ్రత్త," అంది పీస్ లిల్లీని రెండు చేతుల్లోకి తీసుకుని. రిటైరైన రోజున వార్డులో ఆయాలందరూ కలిసి ఇచ్చిన మొక్క. తెల్ల పువ్వొకటి అప్పుడే విచ్చుకుంటోంది. "దీనికేమైనా అయితే నిన్ను ఊరుకోను అబ్బాయ్."

సాయంత్రానికి కుండీలన్నీ గోళీలతో, గొట్టాలతో బారుగా నిలబడ్డాయి. పుల్లలన్నీ గీతల నడిమికి వచ్చేదాకా నీళ్లు పోశాను. పుల్ల దిగేదాకా ఎవరూ ముట్టుకోకూడదని ఇద్దరికీ చెప్పాను. "నర్సుకి చెబుతున్నావా?" అంది అత్తయ్య.

మర్నాడు పనినుంచి వచ్చి చూస్తే పుల్లలన్నీ పైగీత దాటి, గొట్టం మూతకి తలలు ఆనించి నిలబడి ఉన్నాయి.

"అత్తయ్యా, నీళ్లు పోశారా?"

"లేదే. నువ్వేగా వద్దన్నావు."

మా ఆవిడనడిగాను. "నేను పొద్దున పోయి ఇప్పుడేగా వచ్చాను," అంది.

కుండీలు వంచి ఎక్కువ నీళ్లు పారబోశాను. మర్నాడు మళ్లీ పుల్లలు నెత్తికెక్కి కూర్చున్నాయి. ఆ మర్నాడూ అంతే. అడిగితే అత్తయ్య కళ్లలోకి సూటిగా చూసి "నేను ముట్టుకోలేదు" అనేది. ఏ లిఫ్టులోనూ ఎవరూ అంత నిబ్బరంగా అబద్ధం చెప్పగా నేను చూడలేదు. ఈవిడకి గోళీలు ఇష్టం లేదు, మొక్కలు పాడైతే మళ్లీ మట్టికే రావాలి కదా అని చూస్తోంది, అనుకున్నాను. ఎందుకంటే పోసే మనిషి ఇంకెవరూ లేరు. పగలు ఇంట్లో ఉండేది ఆవిడ ఒక్కతే.

ఆకులు పసుపెక్కాయి. స్నేక్ ప్లాంటు మొదలు దగ్గర మెత్తబడి ఒక పక్కకి వాలిపోయింది. లిల్లీ కుండీలోంచి నాచు పట్టిన చెరువు వాసన. ఒకరోజు ముందు గదిలోకి అడుగుపెడుతుంటే లోపల తల్లీకూతుళ్ల మాటలు వినిపించి చెప్పులు విప్పుతూ ఆగాను.

"నా కళ్లతో చూశానే. పొద్దున చూస్తే పుల్ల పైకి ఉంటుంది. నేను పోయలేదు, నువ్వు పోయలేదు. మరి ఎవరు పోస్తున్నట్టు? మీ ఆయనకి బాల్కనీ కావాలి. మట్టిలో ఉండగా చావలేదు కాబట్టి గోళీల్లోకి మార్చాడు."

"ఛ, ఊరుకో అమ్మా. ఆయన అలాంటివారు కాదు."

"నేను అలాంటివాడని అనలేదు. పుల్ల చూడమంటున్నాను."

మా ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ఆలస్యం నాకు గుచ్చుకుంది.

అప్పుడు నేను తెలివైన పని అనుకుని ఒకటి చేశాను. నీళ్లు పోసే చోట ప్రతి కుండీ అంచు మీదుగా సన్నటి నల్లటేపు అడ్డంగా అంటించాను. లిఫ్టు ప్యానెల్‌ను ఎవరైనా తెరిచారో లేదో తెలియడానికి మేము అలాగే చేస్తాం. మర్నాడు సాయంత్రానికి టేపులన్నీ ఊడి, చక్కగా ఉండచుట్టి చెత్తబుట్టలో ఉన్నాయి. పుల్లలు పైనే ఉన్నాయి.

"టేపు ఎవరు తీశారు అత్తయ్యా?"

"ఏ టేపు?"

నేను చెత్తబుట్ట తెచ్చి ఆవిడ ముందు పట్టాను. ఆవిడ అందులోకి చూసి, నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను. కోపం కాదు, ఇంకేదో. అప్పుడది నాకు తెలియలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆ చెత్తబుట్టను నా చేతిలోంచి లాక్కుంది.

"మా అమ్మకి ఉచ్చు పెడుతున్నావా నువ్వు?"

మా ఆవిడ నన్ను మీరు అంటుంది. కోపం బాగా ముదిరితేనే నువ్వులోకి దిగుతుంది. పెళ్లయ్యాక అలా దిగడం ఎప్పుడో గానీ వినలేదు. ఆ వారం లిల్లీ చచ్చిపోయింది. పైకి లాగితే ఒక్క వేరూ రాలేదు, మొదలు చేతిలో జారిపోయింది. అత్తయ్య నన్ను ఒక్క మాటా అనలేదు, భోజనానికి కూడా రాలేదు. మా ఆవిడ తలగడ తీసుకుని తల్లి గదిలోకి మారిపోయింది. నాకు వడ్డించేది, అడిగినదానికి చెప్పేది. అంతే.

ఆ రోజుల్లోనే ఒకనాడు పనికి వెళుతుంటే టైలరు మిషను ఆపి కేకేశాడు.

"అన్నా, బురద పోయింది, సంతోషం. కానీ నీళ్లు పడుతూనే ఉన్నాయి. మంచినీళ్లే, మరకేం లేదు. అయినా రోజంతానా? పొద్దున్నోసారి, కాసేపాగి ఇంకోసారి, మధ్యాహ్నం మళ్లీ. నేను బట్టలు ఎప్పుడు ఆరేసుకోవాలి?"

"మొదట్నుంచీ ఇలాగే పడేవా? మట్టి ఉన్నప్పుడు కూడా?"

"చాన్నాళ్లనుంచీ అన్నా. మీరు రాకముందు లేదు కానీ, వచ్చిన కొన్నాళ్లకి మొదలైంది." దారం పంటితో కొరికి, నన్ను ఓరగా చూస్తూ, "ఏమైనా గొడవా పైన?" అన్నాడు.

ఆఫీసుకి ఫోను చేసి ఆ పూట రానని చెప్పాను. వెనక్కి వెళ్లి, నడుం పట్టేసిందని చెప్పి, ముందు గదిలో మిక్సీ మోటారు విప్పుకుని కూర్చున్నాను. అక్కణ్ణుంచి బాల్కనీ తిన్నగా కనిపిస్తుంది. ఈసారి పోస్తుండగానే పట్టుకోవాలని నా పట్టుదల.

ఎక్కువసేపు కాచుకోనక్కర్లేకపోయింది. అత్తయ్య మగ్గుతో బాల్కనీలోకి వెళ్లింది. వంగి మొదటి కుండీలో పై గోళీలు వేలితో తడిమి చూసింది. నీళ్లు అడుగున ఉంటాయి కాబట్టి పై గోళీలు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి.

"అయ్యో, నోరెండిపోయిందే తల్లీ," అని నీళ్లు పోసింది. ఒక్కో కుండీ దగ్గరికీ వెళ్లి పోసింది. మగ్గు బోర్లించి లోపలికి వచ్చింది.

దొరికింది, అనుకున్నాను. సాయంత్రం మా ఆవిడ ముందు ఏ మాట ఎలా మొదలుపెట్టాలో కూడా కూర్చుకుంటున్నాను.

"నువ్వు పనికి వెళ్లలేదా ఇవాళ?" అంది అత్తయ్య నన్ను చూసి.

"నడుం పట్టేసిందండీ."

"టీ తాగుతావా?"

ఇచ్చింది. తనూ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చీర అంచు సర్దుకుంటూ బాల్కనీలోకి వెళ్లింది. వంగింది. ఇంకా తడి ఆరని గోళీలను వేలితో తడిమింది.

"అయ్యో, నోరెండిపోయిందే తల్లీ."

అదే గొంతు. అదే జాలి. మగ్గు నింపుకుని మొదటి కుండీనుంచి చివరి కుండీ దాకా మళ్లీ పోసింది. నీళ్లు అంచులు పొర్లి కిందికి కారుతున్నాయి. కిందనుంచి టైలరు ఏదో అన్నాడు. అత్తయ్య మగ్గు బోర్లించి లోపలికి వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"నువ్వు పనికి వెళ్లలేదా ఇవాళ? టీ తాగుతావా?"

నా చేతిలో గ్లాసు ఇంకా పూర్తిగా చల్లారలేదు. సగం టీ ఉంది. దాన్ని స్టూలు వెనక్కి జరిపాను.

"తాగుతాను అత్తయ్యా," అన్నాను.

రెండో టీ కూడా తాగాను.

మా ఆవిడకి ఇంట్లో చెప్పే ధైర్యం చాల్లేదు. మధ్యాహ్నం భోజనం వేళ షాపు దగ్గరికి వెళ్లాను. మందుల అట్టపెట్టెలు పేర్చిన వెనక సందులో నిలబడి చూసిందంతా చెప్పాను. విన్నంతసేపూ చేతులు కట్టుకునే ఉంది.

"అయితే అమ్మ పోసింది. పోసి మర్చిపోయింది. నేనూ మర్చిపోతాను గ్యాసు కట్టేశానో లేదో. దానికి ఇంత దూరం రావాలా?"

"మర్చిపోవడం కాదు. నన్ను రెండుసార్లు అడిగింది, రెండు టీలు ఇచ్చింది. ఒక్కసారి డాక్టరుకి..."

"ముందు మొక్కలు చచ్చాయి. తర్వాత అమ్మ అబద్ధాలాడుతోందన్నావు. ఇప్పుడు మతి లేదంటున్నావు. దీని తర్వాత ఏంటి? ఎక్కడైనా చేర్పిద్దామంటావా? అప్పుడు బాల్కనీ ఒక్కటేంటి, ఇల్లంతా నీదేగా."

కోపం రావాల్సింది. రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అవే ముక్కలు అదే వరసలో పేర్చుకునేవాణ్ణి. లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. వెళ్లేముందు ఒక అట్టపెట్టెను కాలితో గోడకి నెట్టింది.

తర్వాత కొన్నాళ్లు నేను చేసిందల్లా పొద్దున్నా సాయంత్రమూ కుండీలు వంచి నీళ్లు పారబోయడం. ఎవరికీ చెప్పలేదు. ఎవరి కంటా పడకూడదని చేశాను కాబట్టి, ఎప్పుడైనా చూసి ఉంటే మా ఆవిడకి నేనే పోస్తున్నట్టు కనిపించి ఉంటుంది. అదీ నాకు తెలుసు.

ఒక పొద్దున మా ఆవిడ షాపుకి వెళ్లిపోయాక నేను చెప్పులు వేసుకుంటుంటే బాల్కనీలోంచి పిలుపు వచ్చింది.

"అబ్బాయ్, ఇటు రా."

అత్తయ్య మగ్గు పట్టుకుని నిలబడి ఉంది. మగ్గును కాదు, తన కాళ్ల వైపు చూసుకుంటోంది.

"నా కుచ్చిళ్లు తడిగా ఉన్నాయి. మగ్గు తడిగా ఉంది. పుల్లలు పైనున్నాయి. నువ్వు పోశావా నీళ్లు?"

"లేదండీ."

"నా వైపు తిరిగి చెప్పు."

తిరిగాను. ఆవిడ నా కళ్లలో చాలాసేపు వెతికింది. నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించమంటుందేమో అనిపించింది.

"నేనా?" అంది చివరికి.

"మీరేనండీ."

"ఇవాళ ఒక్కరోజేనా?"

"కాదండీ."

ఆవిడ మగ్గును నెమ్మదిగా గూటిలో పెట్టింది. "ఇన్నాళ్లూ నువ్వనుకున్నాను. నేను పోయలేదు, అది ఇంట్లో ఉండదు, మిగిలింది నువ్వు. గట్టిగా నమ్మాను. దానికి కూడా నూరిపోశాను."

"నేనూ అదే లెక్క వేశాను అత్తయ్యా. నేను పోయలేదు, ఆమె ఇంట్లో ఉండదు..."

ఆవిడకి నవ్వొచ్చింది. చిన్నగా, ముక్కుతో. వెంటనే పోయింది.

"వార్డులో ఇలాంటివాళ్లు నా చేత వేలికి దారం కట్టించుకునేవాళ్లు. ఫలానా సంగతి గుర్తుండాలి సిస్టర్, కట్టండి అని. కట్టేదాన్ని. కాసేపయ్యాక అదే వేలు చూపించి, ఈ దారం ఎవరు కట్టారు సిస్టర్ అని నన్నే అడిగేవాళ్లు." కుండీ అంచు మీద ఇంకా కొంచెం మిగిలిపోయిన టేపు జిగురును గోటితో గీకింది. "ఆ రోజు చెత్తబుట్టలో టేపు చూపించావు చూడు, అప్పుడే నాకు వణుకు పుట్టింది. ఆ ఉండ చుట్టడం నాదే. వార్డులో ప్లాస్టరు ముక్కలు అలాగే చుట్టి పడేసేదాన్ని. చూడగానే గుర్తుపట్టాను. చుట్టినట్టు మాత్రం గుర్తులేదు."

నేను చెప్పులు విప్పి పక్కన పెట్టాను.

"దానికి చెప్పావా?"

"చెప్పానండీ. నమ్మలేదు."

"నమ్మదు. ఎవర్నీ ఊరికే నమ్మకూడదని దానికి నేర్పింది నేనేగా. నువ్వింక నోరెత్తకు. నేను చెబుతాను."

"సాయంత్రం వస్తుందిగా అత్తయ్యా..."

"సాయంత్రానికి నాకు గుర్తుండకపోతే?" అంది. "ఇప్పుడే ఫోన్ కలుపు."

కలిపి ఇచ్చాను. "ఒకసారి ఇంటికి రా. ఆఁ, నేను బాగానే ఉన్నా. ఆయన కూడా బాగానే ఉన్నాడు. రా," అని పెట్టేసింది. తర్వాత కుర్చీ తెచ్చి కుండీల ముందు వేసుకుని, ఆ పుల్లల మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. చెప్పాల్సింది చెయ్యి జారిపోకుండా పట్టుకుని కూర్చున్నట్టుంది. మా ఆవిడ వచ్చేదాకా లేవలేదు, నన్ను మాట్లాడించలేదు.

మా ఆవిడ గుమ్మంలోకి రాగానే నేను కిందికి దిగిపోయాను. టైలరు స్టూలు జరిపాడు, కూర్చున్నాను. పైనుంచి మొదట మా ఆవిడ గొంతు పెద్దగా వినిపించింది. "ఆయన నీకు ఏం చెప్పారు? చెప్పమ్మా, ఆయనే నీచేత అనిపిస్తున్నారా ఇవన్నీ?" తర్వాత అత్తయ్య గొంతు, మాటలు తెలియనంత నిదానంగా, చాలాసేపు. తర్వాత ఏ గొంతూ లేదు. టైలరు మిషను తొక్కడం ఆపాడు.

కాసేపటికి మా ఆవిడ మెట్ల మీదికొచ్చి, సగం దిగి, అక్కడే కూలబడింది. నేను వెళ్లి ఒక మెట్టు కింద నిలబడ్డాను.

"మీరు తిన్నారా పొద్దున?" అంది.

మీరు అంది.

డాక్టరు దగ్గరికి అత్తయ్యే ముందు నడిచింది. పరీక్షలు చేయించుకుంటున్నప్పుడు అక్కడి నర్సు సూది సరిగ్గా పట్టుకోలేదని కసిరింది కూడా. ఆయన చెప్పింది మేము ఊహించిందే. మందులున్నాయి, పూర్తిగా తగ్గేది కాదు, నెమ్మదిగానే ముదురుతుంది అన్నాడు. మా ఆవిడ మధ్యాహ్నం దాకానే షాపులో ఉండేలా మాట్లాడుకుంది. నేను సాయంత్రం పనులు తగ్గించుకున్నాను. గ్యాసుకి తాళం లాంటిదొకటి బిగించాను. మొక్కల సంగతే తేలలేదు. మగ్గు దాచేద్దామంది మా ఆవిడ. దాస్తే అత్తయ్య ఇల్లంతా వెతికింది. వెతికి, ఎందుకు వెతుకుతున్నానో తెలియక, వంటింటి మధ్యలో నిలబడిపోయింది. మగ్గు తెచ్చి గూట్లో పెట్టేశాం.

ఆఫీసు భవనంలో మొక్కలావిడను వెళ్లి అడిగాను. "రోజుకి ఎన్నిసార్లు పోసినా మొక్క బతకాలమ్మా. దారేమైనా ఉందా?"

ఎందుకు అని ఆవిడ అడగలేదు. "బయటి కుండీకి పక్కన చిల్లు పెట్టు. అడుగున కాదు. నీళ్లు ఎక్కడిదాకా ఉండాలో ఆ ఎత్తున. అక్కడిదాకా నిలుస్తాయి, మిగతావి పోతాయి. ఇంక చెరువు తెచ్చి పోసినా ఏం కాదు."

ఇంటికొచ్చి మంచం కింద నుంచి డ్రిల్లు తీశాను. బతికున్న కుండీలన్నిటికీ నడుం కింద ఒక్కో చిల్లు పెట్టాను. బాల్కనీ పొడవునా రేకు తొట్టి వేసి, దాని చివర గొట్టం తగిలించి స్నానాలగది తూములోకి కలిపాను. టైలరు పైకొచ్చి తొట్టి వాలు సరిగ్గా ఉందో లేదో తన కొలత టేపుతో చూసి, ఒక పక్క అట్టముక్క పెట్టించాడు. అత్తయ్య కుర్చీలో కూర్చుని అంతా గమనించింది.

"ఇదంతా నాకోసమేనా?" అంది.

"మొక్కల కోసం అత్తయ్యా."

"అబద్ధం సరిగ్గా ఆడటం రాదు నీకు," అంది.

వానలు మొదలయ్యేసరికి మిగిలిన మొక్కలు కోలుకున్నాయి. గోళీల మధ్యనుంచి తెల్లటి కొత్త వేళ్లు కనిపిస్తున్నాయి. మా ఇంట్లో అనుమానం పోయిందనను. రూపం మారిందంతే. మా ఆవిడ మాట మధ్యలో పేరు తోచక ఆగితే నేను ఆమె మొహంలోకి చూస్తాను. నేను తాళంచెవులు వెతుక్కుంటుంటే ఆమె చేస్తున్న పని ఆపి నన్ను చూస్తుంది. చూసినట్టు ఇద్దరం ఒప్పుకోం.

ఒక సెలవు రోజు పొద్దున నేను తొట్టి గొట్టంలో అడ్డుపడ్డ ఆకులు తీస్తున్నాను. అత్తయ్య అప్పటికే రెండుసార్లు నీళ్లు పోసింది. మళ్లీ బాల్కనీలోకి వచ్చింది. వంగి గోళీలు తడిమింది.

"వీటికి ఎవరైనా నీళ్లు పోశారా ఇవాళ?" అని అడిగింది.

నేను తలెత్తాను. ఇంతకుముందైతే మా ఆవిడ, పోశావుగా అమ్మా, ఇప్పుడే పోశావు, గుర్తు తెచ్చుకో, అని బతిమాలేది. ఆ బతిమాలడం వినలేక నేను లోపలికి వెళ్లిపోయేవాణ్ణి.

మా ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నా వైపు చూడలేదు.

"ఎవరూ పోయలేదమ్మా," అంది. మగ్గు నిండా నీళ్లు పట్టి తల్లి చేతికిచ్చింది.